‘హై నూన్’ – ‘సాక్షి’ : అర్థహరణ విచారము

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట హాలీవుడ్డున వెలువడిన చిత్రములకును మన తెలుగు చిత్రములకును గల సంబంధమును గూర్చి మాటలాడువారిలో రెండు తెగలవారు కానవచ్చుచున్నారు. ఒక తెగవారు ఏ తెలుగు చిత్రమునందేని పరదేశపు పోలిక కనబడినంతనే అది దొంగసొత్తని తీర్పు చెప్పి ఊరకుందురు. రెండవ తెగవారు తమ అభిమాన దర్శకునకు అప్పు కలదనుటయే అపచారమని భావించి పోలికలను కప్పిపుచ్చ యత్నింతురు. ఈ ఉభయులును చేయని పని యొకటి కలదు. తెచ్చిన అప్పు ఎంత, దానితో పండించిన పంట ఏమి యని లెక్క చూచుట. జార్జి ఎలియట్ వ్రాసిన ‘సైలస్ మార్నర్’ నవల బి.ఎన్. రెడ్డిగారి చేతిలో 1955లో ‘బంగారు పాప’ అయినది. ఆ చిత్రమును చూచి కంటతడి పెట్టినవారెవ్వరును ఆ కన్నీరు ఆంగ్లేయులదని అనుకొనలేదు. కావున పరదేశమునుండి వచ్చుట దోషము కాదు. వచ్చినది ఇచట ఏ దేహమును ధరించినదన్నదే ప్రశ్న.

హరణమను మాట మన ఆలంకారికులకు కేవలము తిట్టు కాదు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము నాల్గవ ఉద్ద్యోతమున ఇద్దరు కవుల అర్థములు కలియుటను సంవాదమని పిలిచి, దానిని మూడు తెఱగులుగా విభజించెను. ఒకటి అద్దములోని ప్రతిబింబము వంటిది. ఒకటి చిత్తరువు వంటిది. మఱియొకటి ఒక మనిషిని పోలిన వేఱొక మనిషి వంటిది. మొదటిదానికి తనదైన ఆత్మ లేదు. రెండవదానికి ఉన్నను అది తుచ్ఛము. మూడవదానిని మాత్రము కవి విడువ నక్కఱలేదు, ఏలయన ఒకని ముఖము మఱియొకని ముఖమును పోలియున్నంతమాత్రమున ఇద్దరును ఒక్కరే యనరాదు గదా. రాజశేఖరుడు కావ్యమీమాంసయందు నాల్గవ తెఱగు నొకదానిని నిరూపించెను. మూల మొక్కటియే యయ్యును దానిని చుట్టుకొనియున్న పరికరము మిక్కిలి దూరమైనచో అది పరపురప్రవేశసదృశము. యోగి తన దేహమును విడిచి పరదేహమున ప్రవేశించినట్లు ఒక కావ్యార్థము వేఱొక కావ్యమున ప్రవేశించు నన్నమాట. విక్రమార్కుని కథలు విన్న మనకు ఈ విద్య క్రొత్త కాదు.

శ్రీనాథుని శృంగారనైషధమును చూచిన సంస్కృత పండితులు ‘నీ డుమువులు నీవు తీసికొని మా నైషధమును మాకిమ్ము’ అనిరని చాటుకథ యొకటి కలదు. కథ నిజమో కాదో గాని పరీక్ష మంచిది. ఒక తెలుగు చిత్రమునుండి దాని డుమువులను, అనగా ఊరిపేర్లను, కట్టుబొట్లను, పాటలను తీసివేయగా మిగిలినది ఏమి? ముళ్ళపూడి వెంకటరమణగారి కథతో బాపుగారు 1967లో తీసిన తొలి చిత్రము ‘సాక్షి’ని ఈ పరీక్షకు నిలుపుట ఈ వ్యాసోద్దేశము. దానికి ప్రేరణ 1952 నాటి అమెరికా చిత్రము ‘హై నూన్’ అని చెప్పబడుచున్నది. చెప్పకున్నను రెండింటిని చూచినవారికి తెలియకపోదు. రమణగారు ఆంధ్రపత్రికలో చిత్రసమీక్షలు వ్రాసిన విమర్శకులు. బాపుగారు చిత్రకారులు, మదరాసు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర పట్టము పొందినవారు. పరుల చిత్రములను కన్నులార చూచి తూచిన ఇరువురు తమ మొదటి చిత్రమునకు దేనిని ఎన్నుకొనిరో, దేనిని వదలిరో గమనించుటయందు విమర్శకు మంచి మేత కలదు.

మొదట మూలమును చూతము. ‘హై నూన్’ దర్శకుడు ఫ్రెడ్ జిన్నెమన్. చిత్రకథా రచయిత కార్ల్ ఫోర్మన్. దీనికి ఆధారము జాన్ డబ్ల్యు. కన్నింగ్‌హామ్ 1947లో ప్రకటించిన ‘ది టిన్ స్టార్’ అను చిన్నకథ. హేడ్లీవిల్ అను పట్టణమున శాంతిరక్షకుడుగా నుండిన విల్ కేన్ ఉదయమున వివాహమాడి, ఉద్యోగము వీడి, భార్యతో ఊరు విడిచిపోవ సిద్ధమగును. అంతలో అతడు పూర్వము పట్టి శిక్షింపజేసిన ఫ్రాంక్ మిల్లర్ విడుదలయై మధ్యాహ్నపు రైలుకు వచ్చుచున్నాడను వార్త వచ్చును. స్టేషనులో ముగ్గురు అనుచరులు వానికొఱకు కాచియున్నారు. కేన్ బండిని కొంతదూరము పోనిచ్చి వెనుకకు మరల్చును. అటనుండి పండ్రెండు గంటలు కొట్టువఱకు అతడు చేయు పని యొక్కటియే: ఇల్లిల్లు తిరిగి తోడు రమ్మని అడుగుట. ఒక్కడును రాడు.

చిత్రము నిడివి ఎనుబదియైదు నిమిషములు. కథలోని కాలమును ప్రేక్షకుని కాలమును ఇంచుమించు సమానముగా నడచును. గోడ గడియారములు మాటిమాటికి కనబడుచుండును. మన నాటకలక్షణమున అంకమునకు ఒక దినము మించరాదను కట్టడి కలదు. ఇచట కట్టడి గంటన్నర. పండ్రెండు కావచ్చిన క్షణమున గడియారపు లోలకము, కేన్ వ్రాయుచున్న మరణశాసనము, చర్చిలోనివారి ముఖములు, సారాదుకాణములోనివారి ముఖములు, పూర్వము శిక్ష విన్ననాడు మిల్లర్ కూర్చున్న ఖాళీ కుర్చీ, ఇవి యన్నియు ఒకదాని వెంబడి ఒకటి లయబద్ధముగా వచ్చి, అంతట రైలుకూత వినబడును. ఈ కూర్పు నైపుణ్యమునకు ఆస్కార్ బహుమతి వచ్చినది. నటనకు గ్యారీ కూపర్‌కును, సంగీతమునకు, పాటకు డిమిట్రి టియోంకిన్‌కును వచ్చినవి. పాటకు సాహిత్యము కూర్చిన నెడ్ వాషింగ్టన్‌కు ఆ బహుమతిలో భాగము కలదు. నా మట్టుకు ఆ పాటయే ఈ చిత్రమున ఎక్కువైన వస్తువు. నాయకుని ముఖమే చెప్పుచున్న మాటను పాట మరల చెప్పును. ధ్వనింపవలసిన దానిని వాచ్యము చేయుట ఏ దేశమునందైనను దోషమే.

ఫ్లాయిడ్ క్రాస్బీ ఛాయాగ్రహణమును గూర్చి ఒక మాట. పశ్చిమదేశపు గుఱ్ఱపురౌతుల చిత్రములలో మబ్బులు, కొండలు, కనుచూపు మేర మైదానములు చూచి అలవాటుపడిన కంటికి ఇందులోని తెల్లబారిన ఆకసము, వన్నెలేని వీధులు వెలితిగా తోచును. అమెరికా అంతర్యుద్ధమునాటి పాత ఛాయాచిత్రముల వలె నుండవలెనని దర్శకుడును ఛాయాగ్రాహకుడును కోరి చేసిన పని యది. నాయకుని చెమట, ముడుతలు, అలసట దాచబడలేదు. ధీరోదాత్తుడు బల్లపై తల వాల్చి కుమిలిన దృశ్యమును ఆ కాలపు ప్రేక్షకులు అంతకుముందు ఎన్నడు చూచిరి?

ఈ చిత్రమునకు ప్రాణము చర్చిలోని సభ. కేన్ లోనికి వచ్చి సాయమడుగును. కొందరు లేచెదరు, కొందరు వారింతురు, పిల్లలను వెలికి పంపి చర్చ సాగింతురు. అది మంచి చర్చయే. ప్రతివాడును ఏదో యొక న్యాయము పలుకును. తుదకు కేన్‌కు మిత్రుడైన హెండర్సన్ లేచి అతనిని నోరార పొగడి, ఉత్తరదేశపు ధనికులు ఈ ఊర దుకాణములు, కర్మాగారములు పెట్టదలచియున్నారు గనుక వీధిలో తుపాకులు మ్రోగరాదు, కావున నీవు వెళ్ళిపోవుటయే మాకు మేలు అని ముగించును. అంతకుముందే న్యాయాధిపతి గోడమీది జెండాను మడిచి, తులాదండమును సంచిలో వేసికొని, ప్రాచీన గ్రీసు దేశమునుండి ఒక దృష్టాంతము చెప్పి గుఱ్ఱమెక్కి పోయినాడు. మా జహీరాబాదులో విద్యార్థులకు ఈ చిత్రమును చూపినప్పుడు తుపాకుల పోరు వారిని అంతగా కదలింపలేదు. న్యాయాధిపతి సామాను సర్దుకొను ఘట్టమునకు మాత్రము తరగతి యంతయు నవ్వినది. ఆ నవ్వు వేడుకతో పుట్టినది కాదని వేఱుగా చెప్పవలెనా?

భారతము చదివినవారికి ఈ సభ ఎఱిగిన సభయే. ద్రౌపది అడిగిన ప్రశ్నకు భీష్ముడు ధర్మము సూక్ష్మమనెను. వికర్ణుడొక్కడు నోరు విప్పగా కర్ణుడు వానిని కసరెను. విదురుడు ప్రహ్లాదుని వృత్తాంతము చెప్పి, తెలిసియు పలుకని సభాసదునకు అసత్యదోషమున పాలు కలదని హెచ్చరించెను. ఉద్యోగపర్వమున తిక్కన శ్రీకృష్ణుని నోట పలికించిన ధర్మోపదేశము తెలుగువారికి కంఠస్థము: ధర్మసత్యములు చెడుచుండగా ఆపగలిగియు ఉపేక్షించినవారికే ఆ చేటు తగులునని. కాని వ్యాసుని సభకును హేడ్లీవిల్ సభకును ఒక భేదము కలదు. కురుసభలోనివారిని కట్టిపడవేసినది రాజు ఉప్పు, కులవృద్ధుల మోమాటము. హేడ్లీవిల్ వారిని కట్టివేసినది రాబోవు పెట్టుబడి. మొదటివారు మౌనము వహించిరి; రెండవవారు చక్కగా మాటలాడిరి. నాకు రెండవదియే భయంకరముగా తోచును.

ఈ చిత్రముపై విమర్శకులు ఏకాభిప్రాయము కలవారు కారు. ఫ్రాన్సు దేశపు ఆంద్రె బజాఁ 1955లో ఈ జాతి చిత్రముల పరిణామమును చర్చించుచు, యుద్ధానంతర కాలమున ఇవి తాము తాముగా నుండుటకు సిగ్గుపడి, సాంఘికమో నైతికమో యగు పైబరువును నెత్తికెత్తుకొనినవని భావించి, ‘హై నూన్’ను అట్టివానికి ఉదాహరణముగా గ్రహించెను. రాబర్ట్ వార్షో 1954లో ఇంకను కటువుగా, నాయకుడు ఒంటరివాడగుటకు కారణము చెప్పనక్కఱలేదనియు, కారణము చెప్పబూని ఈ చిత్రము ఊరి జనుల నందఱను పిఱికిపందలుగా చూపు చౌకబారు సాంఘిక నాటకమునకు దిగజారినదనియు తలచెను. హోవర్డ్ హాక్స్ మాటలతో ఊరకుండక 1959లో ‘రియో బ్రావో’ తీసెను. వృత్తి నెఱిగిన అధికారి ఇల్లిల్లు తిరిగి సాయమడుగడని ఆయన వాదము. అందు నాయకుడు అడుగకయే త్రాగుబోతు, కుంటివాడు, కుఱ్ఱవాడు వచ్చి తోడు నిలుతురు.

వీరిలో వార్షో పలికిన దానిలో సగము నాకు సమ్మతము. కేన్ అడిగిన ప్రతివాడును ఏదో యొక మిషతో తప్పించుకొనుటలో ఒక యాంత్రికత కలదు. ఒంటికంటి త్రాగుబోతును, పదునాలుగేండ్ల బాలుని మాత్రము సంసిద్ధులుగా చూపుట లెక్క సరిచేయుటకే యనిపించును. కాని ఒంటరితనమునకు కారణము అడుగరాదనుట పురాణపురుషునకు చెల్లును గాని మనిషికి చెల్లదు. ఊరు పొమ్మనుచు కాడు రమ్మనుచున్నప్పుడు ఊరేల పొమ్మన్నదని అడుగుట కావ్యధర్మమే. హాక్స్ వాదమో, సరదాగా నున్నది. తోడు అడుగకయే వచ్చునను నమ్మకముమీద మూడువంతుల చిత్రమును నడుపుట ఆయనకే చెల్లినది. ‘రియో బ్రావో’ ఎన్నిమాఱులైన చూడదగిన చిత్రము. అయినను అది ‘హై నూన్’కు జవాబు కాదు, ప్రశ్నను వేఱొకదానిగా మార్చి దానికిచ్చిన జవాబు.

ఈ ప్రశ్న ఆ కాలమున ఊహామాత్రము కాదు. 1951 సెప్టెంబరున, చిత్రనిర్మాణము సాగుచుండగనే, ఫోర్మన్‌ను అమెరికా ప్రతినిధిసభ విచారణసంఘము ఎదుటికి పిలిచిరి. తాను కమ్యూనిస్టు పక్షమున ఉండగా ఎఱిగినవారి పేర్లు చెప్పుమనిరి. ఆయన చెప్పలేదు. స్నేహితులు తొలగిరి, పని పోయినది, ఆయన ఇంగ్లండునకు తరలిపోయెను. చిత్రములోని మూసిన తలుపులను ఆయన ఊహించి వ్రాయనక్కఱలేకపోయినది. ఇదే సంఘము ఎదుట 1952లో ఎలియా కజాన్ పేర్లు చెప్పెను. 1954లో ఆయన ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ తీసెను. అందు ఓడరేవు కూలి యగు టెరీ ముఠాకు వ్యతిరేకముగా విచారణసంఘము ఎదుట సాక్ష్యము చెప్పి, తోటివారిచే వెలివేయబడును. అతనిని ఆరాధించిన బాలుడే అతని పావురములను చంపును. ఒకరు సాక్ష్యము చెప్పనివాని ఒంటరితనమును, మఱియొకరు చెప్పినవాని ఒంటరితనమును చిత్రించిరి. ఆ యేండ్ల అమెరికాలో ‘సాక్షి’ యను మాటకే మైల సోకినది.

ఇక మన ‘సాక్షి’. గోదావరి తీరమున పులిదిండి గ్రామములో, పెద్ద పెద్ద సెట్టింగులు లేక, ఊరినే రంగస్థలముగా చేసికొని తీసిన చిత్రమిది. నాయకుడు అధికారి కాడు. బల్లకట్టు నడుపువాడు. ఒక హత్యను కన్నులార చూచినవాడు. చూచినది చూచినట్లు న్యాయస్థానమున చెప్పినవాడు. సాక్ష్యము చెప్పిననాడు మెచ్చుకొన్న ఊరు హంతకుడు తిరిగి వచ్చుచున్నాడనగానే తలుపులు బిగించుకొనును. హంతకుని చెల్లెలే నాయిక.

ఇచట జరిగిన మార్పు నామమాత్రము కాదు. కేన్ చేత తుపాకి కలదు, రొమ్మున తగరపు నక్షత్రము కలదు, గతమున గెలిచిన పోరాటముల కీర్తి కలదు. అతడు సాయమడుగుటలో ఒక హక్కు కలదు: నేను మీకొఱకు చేసితిని, మీరు నాకొఱకు చేయుడు. బల్లకట్టువానికి వీనిలో ఏదియు లేదు. అతడు ఊరికి రక్షకుడు కాడు, ఊరి దయపై బ్రతుకువాడు. అతని వీరకృత్య మొక్కటే, నోరు తెరచుట. కావున రమణగారు ‘హై నూన్’ చట్రమును తెచ్చి అందు ‘వాటర్‌ఫ్రంట్’ వస్తువును నిలిపినట్లయినది. ఈ రెండవ పోలికను వారు బుద్ధిపూర్వకముగా పాటించిరని నేననను. అర్థము తన దారిన తాను పోయి అచట చేరినది. అమెరికాలో పరస్పరము జవాబులుగా పుట్టిన రెండు చిత్రముల వస్తువులు గోదావరి గట్టున ఒక్క మనిషిలో కలిసినవి. అమెరికాలో పట్టిన మైల ఇచట ఆ మాటకు లేదు. సాక్షి సత్యము పలుకవలెనని మన ధర్మశాస్త్రములు ఘోషించును. సూర్యచంద్రులను, పంచభూతములను సాక్షులుగా పిలుచు భాష మనది. అంతటి మాటను మోయవలసినవాడు రెండు పడవలపై పలకలు పరచి బండ్లను దాటించు నిరుపేద. ఉభయతీరముల వారికిని పనికివచ్చి, తనకు మాత్రము ఏ తీరమును లేనివాడు. బల్లకట్టును ఎన్నుకొనిన ఆ ఒక్క ఊహకే రమణగారికి కవియను పేరు చెల్లును.

రసదృష్టితో చూచినను భేదము స్పష్టము. ‘హై నూన్’న అంగిరసము వీరము, భయము సంచారిగా వచ్చి దానికి నిగ్గు తెచ్చును. ‘సాక్షి’న భయమే స్థాయి. మన లాక్షణికులు భయానకమును ఉత్తమ నాయకునియందు చూపుటకు ఇష్టపడలేదు. అది నీచప్రకృతులకు, స్త్రీబాలురకు చెందినదనిరి. ఒక తెలుగు చిత్రము నాయకుని ఆసాంతము భయపడనిచ్చి, ఆ భయమును ఎగతాళి చేయక, ప్రేక్షకుని దానిలో పాలుగొన జేయుట 1967 నాటికి చిన్న సాహసము కాదు. అప్పటికింకను క్రొత్తవాడగు కృష్ణగారి బెరుకును దర్శకుడు పాత్రకు మలచుకొనెను. వెనుకకు పోవుటకు చోటు లేనినాడు ఆ పిఱికివాడే తిరుగబడును.

జహీరాబాదు చెంతనున్న పస్తాపూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని స్త్రీలు, మెట్టపొలముల కూలిపనులు చేసినవారు, గత శతాబ్ది చివరి యేండ్లలో వీడియో కెమెరా పట్టుట నేర్చి చిత్రములు తీసిరి. వారు కెమెరా చూపులకు తమవైన పేర్లు పెట్టుకొనిరి. పైనుండి క్రిందికి చూచునది పటేలు షాటు. క్రిందినుండి పైకి చూచునది లొంగినవాని చూపు. కన్నులకు సమముగా చూచునది సంఘము షాటు, సంఘమున అందఱును సమానముగా కూర్చుందురు గనుక. ఏ విశ్వవిద్యాలయపు చలనచిత్రశాస్త్రమునందును ఇంతకంటె నిక్కమైన పరిభాషను నేను చూడలేదు. ‘హై నూన్’న ప్రసిద్ధమైన చూపు ఒకటి కలదు. కేన్ నిర్జనమైన వీధిలో నిలుచును. కెమెరా అతని చెంతనుండి మెల్లగా మీదికి లేచిపోవును. మనిషి చీమంత యగును. దీనిని విధి చూపుగా, దైవపు చూపుగా వ్యాఖ్యానించుట కలదు. పస్తాపూరు స్త్రీల నిఘంటువున అది పటేలు షాటు. ఆ అర్థమే కథకు పొసగును. ఆ క్షణమున కేన్‌ను మీదినుండి చూచుచున్నది దైవము కాదు; తలుపులు మూసికొనిన ఊరు. పెట్టుబడికై ఎదురుచూచుచున్న హెండర్సన్ కంటికి కేన్ అంతమాత్రమే కనబడును. బాపుగారికి ముఖములను దగ్గఱగా చూచుటయందు మక్కువ ఎక్కువ. బొమ్మలు వ్రాయునాటి అలవాటది. దగ్గఱి ముఖమును ఎదురుగా చూచుట సంఘము షాటుకు చేరువ. వెలివేయబడినవానిని ఊరు చూడనిరాకరించుచుండగా ప్రేక్షకుడు కన్నులలో కన్నులు పెట్టి చూడవలసి వచ్చుచున్నది. దానిలోని న్యాయము వేఱు.

లాభమును చెప్పి నష్టమును దాచరాదు. మొదటి నష్టము కాలము. ‘హై నూన్’ను నిలిపినది గడియారము, మన చిత్రమున పాటలకు, హాస్యమునకు, అలవాటైన నిడివికి చోటీయవలసి వచ్చుటచే ఆ బిగి సడలినది. పల్లెలో ప్రొద్దును బట్టి కాలము తెలియును గాని ముల్లును బట్టి కాదని సమర్థింపవచ్చును. సమర్థన కొంతవఱకే నిలుచును, ఏలయన భయమునకు గడువు కావలెను. రాబోవు గడియ తెలియని భయము దిగులుగా మాఱును. ‘సాక్షి’ నడిమి భాగమున పలుచోట్ల జరిగినది ఇదే. ఇచట మాత్రము అర్థము చిత్తరువుగా మిగిలినది.

రెండవది నాయిక విషయము; ఇది లెక్క తేలనిది. ‘హై నూన్’ నాయిక ఏమీ క్వేకరు మతస్థురాలు, హింసను త్యజించినది. తండ్రియు సోదరుడును తుపాకులకు బలియైనందున ఆ నియమమును పూనినది. భర్తను విడిచి రైలెక్కి, తొలి తుపాకి మ్రోతకు దిగి పరుగెత్తి, తుదకు తానే ఒకనిని వెనుకనుండి కాల్చును. చిత్రమున నిజముగా మాఱిన వ్యక్తి ఆమె యొక్కతెయే. కేన్ మొదట ఎట్టివాడో చివరను అట్టివాడే. ఆమె నియమభంగమునకు వెల ఏమో చిత్రము విచారింపదు. భర్త ప్రాణము దక్కినది గనుక చాలునను ధోరణి కలదు. అది చిత్రములోని పెద్ద లొసుగు.

మన నాయికది నియమసంకటము కాదు, రక్తసంకటము. ఒకవంక తోబుట్టువు, ఒకవంక మనసిచ్చినవాడు. ఆమె అతనిని గుడిలో పెండ్లియాడుట తాళినే కవచముగా తొడుగుటకు. చెల్లెలి పసుపుకుంకుమలను అన్న తుడువడని ఆమె నమ్మకము. ఈ కల్పన అచ్చముగా మనది. దీనిని ఏ హేడ్లీవిల్ నుండియు అప్పు తేనక్కఱలేదు. ఆరుద్రగారు ఆ ఘట్టమునకు వ్రాసిన పాట పెండ్లిపాటల సొంపుతో నడచుచు, చావు గుమ్మములో నున్నప్పుడు పాడబడుటచే కరుణమును ధ్వనించును. ‘హై నూన్’ పాట వాచ్యము చేసిన దోషమును ఈ పాట చేయలేదు. అయినను ఏమీ తనంతట తాను ఒక నియమమును నిలిపినది, తానే త్రెంచినది. మన నాయిక బలమంతయు ఆమె ఎవరి చెల్లెలు, ఎవరి భార్య అనుదానిపై ఆధారపడినది. కవచము అన్నగారి మనసులో నున్నది గాని తాళిలో లేదని కథయే తెలుపుచున్నది. ఈ సత్యమును రచయిత కనుగొనియు దాని వెంట కడవఱకు పోలేదేమో యని నా అనుమానము.

సాక్షి భయము కథలకు పరిమితమైనది కాదని పాఠకులెఱుగుదురు. 2018లో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణకై ఒక పథకమును ఆమోదించి, దేశమంతట అమలు చేయుడని ఆదేశించినది. చిత్రము వచ్చిన ఏబదియొక్క యేండ్లకు.

ఇదే కృష్ణగారు 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’లో నటించిరి. కె.ఎస్.ఆర్. దాసుగారి దర్శకత్వము, ఆరుద్రగారి రచన. రాజస్థానపు ఎడారులు, గుఱ్ఱములు, అంచుటోపీలు, నడుమున తుపాకులు, నిధి వేట, ఘనవిజయము. దానిని చూచి ఉత్సాహపడిన బాల్యములు తెలుగునాట ఎన్నో కలవు, వానిని నేను నిందింపను. కాని రాజశేఖరుని నాలుగు తెఱగులలో దానికి చోటు వెదకి విసిగితిని. ఆయన పట్టిక అర్థహరణమునకు సంబంధించినది. ఇచట హరింపబడినది అర్థము కాదు, వేషము. చలనచిత్రము కన్నులకు నచ్చు కళ యగుటచే ఇట్టి వేషహరణ మొకటి దీనికి ప్రత్యేకముగా సంభవించుచున్నది. ఆలంకారికుల లెక్కకు దీనిని ఐదవదిగా చేర్చుకొనవలెను. ‘సాక్షి’ టోపీని, గుఱ్ఱమును, తుపాకిని, నక్షత్రమును, చివరకు గడియారమును కూడ అమెరికాలోనే విడిచి, ఊరి నడుమ ఒంటరియైనవాని అడుగుల చప్పుడును మాత్రము తెచ్చుకొన్నది. దాని డుమువులను తీసివేసి చూడబోయినచో బల్లకట్టును, తాళిని, నోరు తెరచిన పేదవానిని కూడ వానితోపాటు తీసివేయవలసి వచ్చును. ఏలయన అవి పైకి తగిలించినవి కావు. అంచేత నడిమి భాగపు సడలికను లెక్కించియు, దానిని పరపురప్రవేశసదృశముగనే గ్రహించుచున్నాను.